మొహం వేయని పటం

కేలెబ్ భార్య లిడియా పోయి నెల దాటింది. ఆమె పటం ఒకటి వేసుకుందామని కూర్చుంటే అతనికి ఆమె మొహం గుర్తు రావడం లేదు.

ఊరూరా తిరిగి వందల మొహాలు వేసినవాడికి వచ్చిపడిన కష్టం ఇది. అమెరికా ఇంకా కొత్త దేశంగా ఉన్న రోజులవి. ఫొటోలు లేవు. కాస్త కలిగిన ప్రతి ఇంటివాళ్లూ ముందుగదిలో తమ పటం వేలాడాలని ముచ్చటపడేవారు. కేలెబ్ అందుకొక సులువు పట్టుకున్నాడు. మంచు కురిసే నెలల్లో ఇంట్లోనే కూర్చుని పట్టుగౌన్లు, లేసు కాలర్లు, చేతుల్లో పుస్తకాలు అన్నీ ముందే వేసేసేవాడు. మొహం చోటు మాత్రం ఖాళీగా వదిలేవాడు. ఎండలు కాయగానే ఆ పటాలను బండికెత్తుకుని బయల్దేరి, ఎవరి మొహం వాళ్లకి ఒక్క పూటలో వేసిచ్చేవాడు. పేరు మోగిపోయింది. ఒక్కో పటం మీద నెలల తరబడి కూర్చునే తన గురువు సైలస్‌ను తల్చుకుని నవ్వుకునేవాడు కూడా.

ఆ గౌన్లన్నీ తొడుక్కుని అతని ఎదుట నిలబడింది లిడియానే. కాళ్లు పీకుతున్నా కదిలేది కాదు. "నాదీ ఒకటి వెయ్యరాదూ," అని ఎప్పుడైనా అడిగితే, "నువ్వెక్కడికి పోతావు, తర్వాత వేస్తాలే," అనేవాడు. అతను ఊళ్ల మీద ఉండగానే ఆమె జ్వరంతో కన్నుమూసింది. కడసారి చూపు కూడా దక్కలేదు పాపం.

ఖాళీ పటం ఒకటి చంకన పెట్టుకుని గురువు గుమ్మం ఎక్కాడు.

"మీరు మా ఆవిడను చూశారుగా గురువుగారూ, మీరే వెయ్యండి. నేను కుంచె పట్టుకుంటే ఎవరెవరి మొహాలో వస్తున్నాయి."

"ఆవిడ కళ్లు ఏ రంగు?" అన్నాడు సైలస్.

కేలెబ్‌కు అదీ గుర్తు లేదు.

గురువు తిట్టలేదు, ఓదార్చనూ లేదు. టోపీ పెట్టుకుని, "పద," అన్నాడు.

పక్క వీధిలో పిండిమర యజమాని భార్య అబిగయిల్ ఉండేది. కేలెబ్ ఎప్పుడో వేసిచ్చిన పటం ఆవిడ ముందుగదిలోనే ఉంది. అతన్ని చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"మొహం అచ్చం దింపేశావు నాయనా, వచ్చినవాళ్లంతా అదే మాట. ఆ చేతులే నావి కావు. ఎవరివో అనుకుంటుంటాను."

సైలస్ తన టోపీ తీసి పటం చట్రానికి పైనుంచి తగిలించాడు. అబిగయిల్ మొహం దాని చాటుకు వెళ్లిపోయింది.

కేలెబ్ చూశాడు. బరువంతా ఒక కాలి మీదే వేయడంతో ఒక భుజం కొద్దిగా కిందికి జారి ఉంది. పుస్తకం అట్ట మీద బొటనవేలు గట్టిగా అదిమి ఉంది. ఇక నిలబడలేనని చెప్పలేక లిడియా అలాగే అదిమేది. ఆ వేలిని అంత శ్రద్ధగా చూసి వేశాడే గానీ, కాసేపు కూర్చోమని ఒక్క మాట అనలేదు.

"మా ఆవిడవి," అన్నాడు.

"ఆ చలికాలాలన్నీ ఆవిడ మొహం కూడా నీ ఎదుటే ఉంది కదయ్యా," అన్నాడు సైలస్ మెల్లగా.

అబిగయిల్ పటం దగ్గరికి వచ్చి, "ఆ టోపీ తీసెయ్యమంటారా?" అని అడిగింది.

"ఇంకాసేపు ఉండనివ్వండమ్మా," అన్నాడు కేలెబ్.