పొత్తు విడిచిన ఏదుపందులు

నేను చెప్పబోయేది నమ్మలేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. తలుపు తీసే ఉంది. వెళ్ళరా? సరే, కూర్చోండి. మధ్యలో "అబద్ధం తాతా" అన్నవాడి చెవి మాత్రం నా చేతిలో ఉంటుంది. ముందే చెబుతున్నాను.

ఆ రోజుల్లో నేనిలా మంచం మీద ఉండేవాణ్ణి కాదు. ఒక్క గెంతుతో వాగు దాటేవాణ్ణి. నేను తుమ్మితే అవతలి కొండ మీద కొండముచ్చులు పట్టు తప్పి కిందపడేవి. పెద్దపులి ఎదురైతే దారి వదిలి, "తమరు ముందు వెళ్ళండి" అనేది. అలాంటి నేను, అనగనగా ఒక ఎండాకాలం, తేనె కోసం అడవికి వెళ్ళి, జంతువుల పంచాయితీ మొదలు నుంచి చివరిదాకా విన్నాను. జంతువుల భాష నాకెలా వచ్చు అంటారా? ఒక ఎలుగుబంటి దగ్గర ఒక్క పూటలో నేర్చుకున్నాను. నిజానికి సగం పూటే. మిగతా సగం పూట దానికి నేనే పాటలు నేర్పాను.

ఆ అడవిలో ఒక వాగు ఉంది. వాగు వెంట ఆరు మడుగులున్నాయి. ఒక్కో మడుగు ఒక్కో జాతిది. ఎండలు ముదిరితే వాగు ఎండిపోయేది. మడుగుల్లో మాత్రం నీళ్ళు నిలిచేవి. అందుకని జంతువులన్నీ కలిసి ఒక పొత్తు కట్టుకున్నాయి. ముందు అందరూ ఎగువ మడుగులో తాగాలి. అది అడుగంటాక రెండోది. తర్వాత మూడోది. అలా వరసగా ఆరోదాకా.

ఆరోది ముళ్ళమడుగు. అన్నిటికన్నా లోతైనది. అడుగున సన్నటి ఊట ఉండేది. అది ఒళ్ళంతా ముళ్ళుండే ఏదుపందులది. వానలు పడేదాకా అడవినంతా బతికించేది ఆ మడుగే. తాగే వంతు దానిదాకా వచ్చేలోగా అడవిపందులు రోజూ అందులో పొర్లేవి.

తిండి సంగతీ అంతే. అడవిపందులు తవ్విన దుంపల్లో అందరికీ వాటా. ఎలుగుబంట్ల ఇప్పచెట్ల కింద అందరికీ చోటు.

పొత్తు అన్నాక నియమాలుంటాయి కదా! వాటిని చెప్పేవాడు కొంగ పెద్ద లంబయ్య. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు. తాగేటప్పుడు తోక తడవకూడదు. తేనె తిన్న మూతిని నీళ్ళలో కడగకూడదు. ఏదుపందులు మడుగు దగ్గర ముళ్ళు ముడుచుకోవాలి. ఎవరైనా "అయ్యా, ఇది మాకు ఇబ్బందిగా ఉంది" అంటే, "వచ్చే సభలో చూద్దాం" అనేవాడు. ఆ వచ్చే సభ ఎప్పుడూ వచ్చేది కాదు.

ఏదుపందుల్లో నిక్కన్న అని ఒకడుండేవాడు. వాడి ముళ్ళు ఎంత పొడుగంటే, ఒకసారి దులిపితే ఆ గలగలకి నా పంచె ఊడిపోయింది. నవ్వకండి. గట్టిగా కట్టుకున్న పంచే అది.

ఒకరోజు నిక్కన్న బండ మీదికి ఎక్కాడు. ముళ్ళన్నీ నిక్కబొడిచాడు.

"మన మడుగే లోతు. మన మడుగులోనే ఊట. ఆ పందులొచ్చి పొర్లి దాన్ని బురద చేస్తున్నాయి. ఒంటి మీద ఒక్క ముల్లు కూడా లేని కొంగ మన ముళ్ళకి నియమాలు పెడుతున్నాడు. ఎందుకు మనకీ పొత్తు? మన ముళ్ళు, మన ఇష్టం!"

"మన ముళ్ళు, మన ఇష్టం!" అని కుర్రకారు అరిచింది.

అప్పుడు వాడి వదిన గవిరమ్మ ముందుకొచ్చింది. ముసలిదే. నోరు మాత్రం ముసలిది కాదు.

"ఏం మరిదీ! ఎండాకాలమంతా ముందు తాగేది ఎవరి మడుగులో? ఎదుటివాళ్ళ ఐదు మడుగులూ తాగాకే కదా మన మడుగు దాకా వచ్చేది!"

"మనం ఒక్కళ్ళమే తాగితే మనకి మన మడుగు చాలు వదినా."

"నీ ముల్లు గుచ్చుకుని దుప్పి పిల్ల కుంటింది, మర్చిపోయావా?"

"చూసుకుని నడవాలి!"

"నీళ్ళు తాగేవాడు నీళ్ళు చూస్తాడా, నీ వెనకభాగం చూస్తాడా?"

అందరూ పకపకా నవ్వారు. నిక్కన్న ముక్కు ఎర్రబడింది.

"నవ్వండి. లంబయ్య మన మాట ఒక్కసారైనా విన్నాడా? అది చెప్పు ముందు."

గవిరమ్మ తల ఊపింది. తర్వాత నెమ్మదిగా అంది. "వినలేదు. అది నిజం. పందులు బురద చేస్తున్నాయి. అదీ నిజమే. కానీ మరిదీ, ఇల్లు కారుతోందని గోడలు పడగొట్టుకుంటామా?"

"కారే ఇంట్లో ఎన్నాళ్ళని తడుస్తాం?"

రెండు మాటలూ సబబుగానే ఉన్నాయి. అంతటి నాకే ఎటు తేల్చాలో తెలియలేదంటే చూసుకోండి!

చివరికి ఏదుపందులు తమ కులాచారం ప్రకారం తేల్చుకున్నాయి. విడిపోదాం అనేవాళ్ళు తెల్లరాయి దగ్గర ఒక ముల్లు రాల్చాలి. ఉందాం అనేవాళ్ళు నల్లరాయి దగ్గర రాల్చాలి. సాయంత్రానికి తెల్లరాయి దగ్గరి కుప్ప కాస్త ఎత్తుగా తేలింది. కాస్తే.

గవిరమ్మ రెండు కుప్పలూ చూసింది. "ఓడిపోయాను. సరే. ఇక నా గొంతు తడవాల్సింది కూడా ఆ మడుగులోనే కదా. బాగా చూసుకో మరిదీ" అంది.

మర్నాడు అడవిపందుల పెద్ద గుండయ్య పిల్లాజెల్లాతో వచ్చాడు. ఎప్పటిలా మడుగులోకి దిగి పొర్లబోయాడు. నిక్కన్న గట్టు మీద అడ్డం నిలబడ్డాడు.

"ఇక్కడిక పైవాళ్ళకి చోటు లేదు."

"నేను పైవాణ్ణా బావా? నిన్నటిదాకా ఒకే బురదలో ఉన్నాం కదా!"

"ఆ బురదతోనే వచ్చింది తంటా."

గుండయ్య బుర్ర గోక్కున్నాడు. "సరేలే బావా. ఈ ఒళ్ళు ఎక్కడైనా పొర్లుతుంది" అని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి మడుగు అద్దంలా తేరుకుంది. అడుగున గులకరాళ్ళు కూడా కనిపించాయి. ఏదుపందులు వంగి తమ ముఖాలు చూసుకుని మురిసిపోయాయి. కొన్ని తమ ముఖం మొదటిసారి చూసి జడుసుకున్నాయి కూడా. నిక్కన్న కూతురు సింగి చిన్నపిల్ల. ముళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి. "నాన్నా, నీళ్ళలో ఆకాశం పడింది!" అని గంతులేసింది. నిక్కన్న వదిన వైపు చూసి మీసం దువ్వాడు. గవిరమ్మ కూడా ఒప్పుకుంది. "బాగుందిరా. నిజంగానే బాగుంది."

తర్వాత ఇప్పపూల కాలం వచ్చింది. ఏదుపందులు ఇప్పచెట్ల దగ్గరికి వెళ్ళాయి. కాపలా ఎలుగుబంటి చెయ్యి అడ్డం పెట్టింది.

"పొత్తులో లేనివాళ్ళు మిగతా అందరూ తిన్నాక రావాలి. ముళ్ళు ముడుచుకుని రావాలి."

"ఆ నియమం వద్దనే కదా మేం విడిపోయింది!" అన్నాడు నిక్కన్న.

"విడిపోయింది మీరు. నియమం ఎక్కడికీ పోలేదు. ఇదివరకు సభలో కూర్చుని దాన్ని తిట్టేవాళ్ళు. ఇప్పుడు తిట్టడానికి కూడా మీకు సభ లేదు" అంది ఎలుగుబంటి, పూలు నములుతూ.

నిక్కన్న ముళ్ళు ముడుచుకుని వరస చివర నిలబడ్డాడు. వాడి వంతు వచ్చేసరికి ఆకులు మిగిలాయి. ఇంటికొచ్చి, "ఈ ఏడాది పూలు చప్పగా ఉన్నాయి" అన్నాడు.

అంతటితో పోయిందా? మడుగు దిగిపోవడం మొదలైంది.

ఉదయం ఉన్న నీళ్ళు సాయంత్రానికి ఉండేవి కావు. తాగేవాళ్ళు తక్కువ. ఎండ ఎప్పటి ఎండే. అయినా నీళ్ళు తగ్గుతున్నాయి. ఏదుపందులు ఒకరినొకరు అనుమానించడం మొదలెట్టాయి. "నువ్వే ఎక్కువ తాగుతున్నావు!" "నీ పొట్ట చూడు ఎలా ఉందో!" నిక్కన్న ఎర్రటి ఎండలో గట్టు మీద కాపలా కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు. కళ్ళముందే నీళ్ళు, మధ్యలో పడ్డ ఒక జల్లు నీళ్ళతో సహా, నేలలోకి దిగిపోయాయి. చివరికి ఊట చుట్టూ చెంబెడు తడి మిగిలింది. సింగి దాన్ని నాకి, "నాన్నా, ఆకాశం ఏది?" అంది. పిల్ల పెదవులు పగిలి ఉన్నాయి. వానలు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి.

నిక్కన్నకి కోపం నసాళానికి అంటింది. "ఇది ఆ పందుల పనే! ఎక్కడినుంచో తవ్వి మన నీళ్ళు లాగుతున్నాయి!" అని రంకెలు వేస్తూ బయల్దేరాడు. వాడు పడిపోతాడేమోనని గవిరమ్మ వెనకే నడిచింది.

అడవిపందులు ఒక గుంట దగ్గర ఉన్నాయి. నిరుడు ఆ గుంటలో కప్ప కూడా నిలవలేదు. తాగడానికి పనికిరాని చిక్కటి బురదే గానీ, ఇప్పుడు నిండుగా ఉంది. మధ్యలో గుండయ్య హాయిగా పొర్లుతున్నాడు.

"దొంగా! మా నీళ్ళు ఇక్కడ దాచావా?"

"మొన్న పడ్డ జల్లు నీళ్ళు బావా ఇవి. మీ మడుగు మీదా అదే జల్లు పడింది కదా!"

"మరి నీకే ఎందుకు నిలిచాయి?"

"నాకేం తెలుసు? మేం పొర్లుతాం. అవి ఉంటాయి" అన్నాడు గుండయ్య.

నిక్కన్న వంగి గుంట అంచు గీరాడు. బంకమన్ను మెత్తగా, మందంగా, అతుకు లేకుండా ఉంది. గోరు దిగలేదు. తన మడుగు అడుగు గుర్తొచ్చింది. పైన మెరిసే గులకరాళ్ళు, వాటి కింద నెర్రెలు. వాడు అక్కడే కూలబడ్డాడు.

మీ నాన్న వరినాట్లకి ముందు మడిని తడిపి, తొక్కించి ఎందుకు దమ్ము చేస్తాడర్రా? నీళ్ళు ఇంకిపోకుండా. ఏళ్ళ తరబడి ముళ్ళమడుగును దమ్ము చేసింది ఈ పందులే. ఆ సంగతి ఏదుపందులకీ తెలియదు, పందులకీ తెలియదు.

"వదినా, నవ్వు" అన్నాడు నిక్కన్న.

"నవ్వడానికి గొంతులో తడి ఉండాలి కదరా. వీళ్ళని పిలువు ముందు."

పిలవడం అంటే తేలికా? బండ మీద అంతమంది ముందు వద్దన్నవాడు, అంతమంది ముందు రమ్మనాలి. నిక్కన్న సింగి పెదవులు తలచుకున్నాడు. తల వంచాడు. "గుండయ్యా, నేను తప్పు చేశాను. మా మడుగులో పొర్లు. మళ్ళీ పొర్లు."

అప్పటికే మిగతా ఐదు మడుగులూ అడుగంటాయి. పొత్తు మొత్తం దాహంతో అల్లాడుతోంది. అయినా ముగ్గురూ వెళ్ళి అందరి ముందూ సంగతి చెబితే, లంబయ్య కళ్ళు మూసుకుని, "విడిపోయినవాళ్ళ విషయం వచ్చే సభలో..." అని మొదలెట్టాడు.

గుండయ్య అడ్డుపడ్డాడు. "పెద్దయ్యా, వచ్చే సభదాకా ఆగితే సభలో కూర్చునేవాళ్ళే మిగలరు."

గవిరమ్మ అందుకుంది. "మేం పందుల్ని రానిస్తాం. దిగువ గట్టు వైపు పొర్లాలి, ఎగువ వైపు తాగాలి. కానీ ముళ్ళ నియమం మాత్రం ముళ్ళున్నవాళ్ళని అడక్కుండా పెట్టకూడదు. ఏళ్ళ తరబడి ఇదే అడిగాం. ఒక్కసారి విని ఉంటే, మా మరిది బండ ఎక్కేవాడే కాదు."

అందరూ లంబయ్య వైపు చూశారు. లంబయ్య కళ్ళు తెరిచాడు. జన్మలో మొదటిసారి రెండో కాలు కూడా నేల మీద పెట్టాడు. "సరే. సభ ఇప్పుడే" అన్నాడు.

పందులు దిగాయి. ఏదుపందులు ఊట నీళ్ళు చల్లుతుంటే పొర్లాయి, తొక్కాయి, మళ్ళీ పొర్లాయి. నెర్రెలు మూసుకున్నాయి. ఊట నీళ్ళు కొంచెం కొంచెంగా నిలవసాగాయి. ముందు దుప్పి పిల్లలు తాగాయి, తర్వాత సింగి తాగింది. ఆ నీళ్ళలో ఆకాశం కనిపించలేదు. పిల్ల కడుపు నిండింది.

నీతి: పొత్తు విడిచేవాడు తాను ఇచ్చేదే కాదు, తెలియకుండా అందుకునేదీ చూసుకోవాలి, పొత్తు నడిపేవాడు పక్కవాడి గోడు వాడు గడప దాటకముందే వినాలి.

సాక్షి: ఆ రోజు పందుల మధ్య కాలుజారి పడి, ఎన్ని స్నానాలు చేసినా ఇంకా వాసన వదలనివాడు, కెచ్చెల పోతురెడ్డి.