మూడో రాగం దగ్గర ఆగే పాట

విజయనగరంలో ఫొటో స్టూడియో నడుపుకునే ముఖలింగానికి పాటలు వినడమంటే ప్రాణం, ఆ పాటలు వినిపించే తన సామగ్రిలో లోపముందని ఎవరైనా అంటే మాత్రం పట్టరాని కోపం. పాట బాగా వినిపించకపోతే పాడినవాళ్ళదో, రికార్డు చేసినవాళ్ళదో తప్పనేవాడు. అతని సామగ్రిని వేలెత్తి చూపిన మనిషికి ఆ పూట కాఫీ కూడా దక్కేది కాదు.

అతని ముందుగదిలో ఒక బల్ల ఉండేది. దాని మీద పెళ్ళి ఆల్బములు చేసి చేసి అలసిపోయిన పాత కంప్యూటరు, దాని పక్కన అరచేయంత నల్లటి పెట్టె, గోడవారన రెండు పెద్ద స్పీకర్లు ఉండేవి. కంప్యూటరులో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ నల్లటి పెట్టె అంకెలను మళ్ళీ శబ్దంగా మార్చి స్పీకర్లకు పంపుతుంది. దాన్ని కన్వర్టర్ అంటారు. ముఖలింగం మాత్రం దాన్ని ఇంట్లో మనిషిని అన్నట్టు "మా పెట్టె" అనేవాడు. రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. భార్య నూకరత్నం ఒకసారి పొరపాటున దాని మీద పూలబుట్ట పెట్టిందని రెండు రోజులు ముభావంగా తిరిగాడు.

అంకెలు పెరిగినకొద్దీ పాట బాగుపడుతుందని అతని గట్టి నమ్మకం. సెకనుకు కొన్ని వేల అంకెలతో రికార్డయిన పాటలో, ఆ అంకెల మధ్య కంప్యూటరు చేత కొత్త అంకెలు కల్పించి నింపించి, లక్షల్లోకి పెంచి పెట్టెకు పంపే ఏర్పాటు ఒకటుంది. అప్‌శాంప్లింగ్ అంటారు. ఎంత పెంచితే అంత అంకె పెట్టె ముందున్న చిన్న గాజుబిళ్ళలో ఎర్రగా వెలుగుతుంది. ఇంటికి వచ్చినవాళ్ళకు ముఖలింగం ముందు ఆ అంకె చూపించేవాడు. పాట తరవాత.

"లేని అంకెలు మధ్యలో మీరు కల్పిస్తే పాటలో కొత్తగా ఏటొస్తాదండీ? చారులో నీళ్ళు పోస్తే పదిమందికి సరిపోద్ది గానీ రుచి పెరుగుద్దా?" అని నూకరత్నం అడిగేది.

"నీకు తెలీదులే" అనేవాడు ముఖలింగం.

ఆ వీధిలోనే భ్రమరాంబ అనే వీణ టీచరు ఉండేది. ఆమె తల్లి రత్నమాంబ గొప్ప వైణికురాలు. పోయే ముందు ఏడాది ఆమె ఆరు రాగాలతో ఒక రాగమాలిక కట్టింది. స్వరాలు రాసిపెట్టే అలవాటు ఆమెకు లేదు. ఎవరికైనా నేర్పేలోగానే కన్నుమూసింది. ఒక్కసారి మాత్రం ఇంట్లో వాయిస్తుంటే ఆమె తమ్ముడు చక్రానికి చుట్టిన స్పూలు టేపు మీద పట్టాడు. మూడు రాగాలు పూర్తయ్యేసరికి టేపు ఒకవైపు నిండిపోయింది. తిప్పి ఎక్కించి మిగిలిన మూడూ రెండోవైపు పట్టాడు. ఆ పాట ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ ఒక్క టేపు మీదే ఉంది.

ఆ టేపు ఏళ్ళ తరబడి అటక మీద ట్రంకుపెట్టెలో పడి ఉండి, ఇంటికి సున్నం వేయిస్తుంటే బయటపడింది. భ్రమరాంబ ఆనందానికి అంతులేదు. తల్లి వర్ధంతి నాడు శిష్యులందరి చేతా ఆ రాగమాలిక వాయించాలని ఆశపడింది. బంధువుల ఇంట్లో పాడవకుండా మిగిలిన టేపు మిషను తెచ్చి, మొదటివైపు జాగ్రత్తగా కంప్యూటరులోకి ఎక్కించింది. రిబ్బను మీది గోధుమరంగు పూత అప్పటికే పొడిపొడిగా రాలుతోంది. తిప్పిన ప్రతిసారీ కొంత పోతుందని ఆమెకు అర్థమైంది. అందుకే అక్కడ ఆపి, ఎక్కించినదాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని ముఖలింగం ఇంటికి వచ్చింది.

"అన్నయ్య గారూ, అమ్మ రాగమాలిక మొదటివైపు ఎక్కించాను. నా దగ్గర మంచి స్పీకర్లు లేవు. మీరు విని బాగుందంటే రెండోవైపు ఎక్కిస్తాను. టేపు మరీ పాడుగా ఉందండీ, ఎక్కువసార్లు తిప్పలేను" అంది.

"రత్నమాంబ గారి వీణా! ఎంతమాట! సాయంత్రంలోగా విని చెబుతానమ్మా" అన్నాడు ముఖలింగం. చిన్నప్పుడు ఆమె కచేరీ చాప మీద ముందువరుసలో కూర్చుని విన్నవాడు అతను. గౌరవం నిజంగానే ఉంది.

ఆ గౌరవమే కొంప ముంచింది. అంతటి వీణకు రోజూ పెట్టే అంకె ఏం సరిపోతుందని, అంతవరకు ఎప్పుడూ పెట్టనంత పైకి పెంచాడు. పెట్టెలో ఎర్రటి అంకె చివరిదాకా వెళ్ళింది. దాన్ని చూసుకుని మురిసిపోయి, కుర్చీ స్పీకర్ల మధ్యకు జరుపుకుని కూర్చున్నాడు.

వీణ మోగింది. మీటు మీద మీటు, గమకం మీద గమకం. ముఖలింగం కళ్ళు మూసుకున్నాడు. ఇంతలో 'టప్' మంది. కళ్ళు తెరిచాడు. కాసేపటికి మళ్ళీ 'టప్'. తరవాత రెండు కలిసి 'టప్, టప్'. అన్నంలో రాయి తగిలినట్టు అయింది అతనికి.

వెతకడం మొదలుపెట్టాడు. పెట్టెకూ కంప్యూటరుకూ మధ్యనున్న తీగ మార్చాడు. టప్పు పోలేదు. తీగను కంప్యూటరు వెనక ఇంకో కన్నంలో గుచ్చాడు. పోలేదు. ఫ్రిజ్ ఆపించాడు, ఫ్యాను ఆపించాడు, స్పీకరు వైర్లు విప్పి మళ్ళీ బిగించాడు. చెమటలు పట్టాయి గానీ టప్పు పోలేదు. అన్నీ కదిపాడు, పొద్దున తను పెంచిన అంకె జోలికి మాత్రం పోలేదు. అది తప్పు చేయగలదన్న ఊహే అతనికి రాలేదు.

గడపలో నిలబడి చూస్తున్న నూకరత్నం, "పొద్దున ఏదో పెంచానన్నారు గదా, దాన్ని దించి సూడండి. పోనీ, మీరు రోజూ వినే పాట ఒకటెట్టి సూడండి" అంది.

"పెంచితే బాగుపడుతుంది గానీ చెడుతుందా? మా పెట్టెకు వంక పెట్టకు. ముందు ఆ ఫ్రిజ్ వెయ్యి, పాలు విరిగిపోతాయి" అని కసిరాడు ముఖలింగం.

చొక్కా తొడుక్కుని భ్రమరాంబ ఇంటికి వెళ్ళాడు.

"టేపు నుంచి ఎక్కించడంలోనే లోపం జరిగిందమ్మా. మధ్యమధ్య టప్పులు పడ్డాయి. పైగా నువ్వు చిన్న అంకెతో ఎక్కించావు. మొదటివైపు మళ్ళీ ఎక్కించు, ఈసారి అంకె పెంచి" అన్నాడు.

భ్రమరాంబ ముఖం వాడిపోయింది. "నా ఫోనులో వింటే టప్పులేమీ వినపడలేదండీ" అంది.

"ఫోనులో ఏం వినపడతాయమ్మా? మా పెట్టెలో పెడితే చీమ చిటుక్కుమన్నా తెలిసిపోతుంది."

"అయితే ముందు రెండోవైపు ఎక్కించేసి, తరవాత మొదటివైపు సంగతి చూడనా అన్నయ్య గారూ? టేపు తిప్పాలంటే భయంగా ఉంది."

"టప్పు ఎందుకొస్తోందో తేలకుండా రెండోవైపు ఎక్కిస్తే అందులోనూ అవే పడతాయి. ముందు ఇది సరిచెయ్యి. నా మాట విను."

ఆమె విన్నది. అతని చెవి మీద ఆమెకు అంత నమ్మకం.

మర్నాడు ముఖలింగం పెళ్ళి ఫొటోలు తీయడానికి సాలూరు వెళ్ళాడు. మాఘమాసం, ఒక పెళ్ళి వెనక ఇంకో పెళ్ళి. నాలుగో రోజున కెమెరా సంచీ భుజాన వేసుకుని తిరిగొస్తే, గుమ్మంలోనే నూకరత్నం, "భ్రమరాంబ టేపు పోయిందండీ" అంది.

సంచీ దింపకుండానే పరుగెత్తాడు. భ్రమరాంబ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ రిబ్బను కుప్పగా పడి ఉంది. మళ్ళీ తిప్పుతుంటే సగంలో మిషను కీచుమని ఆగిపోయిందట. రిబ్బను చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీద్దామని మెల్లగా లాగితే పూత మొత్తం ఊడి వచ్చింది. పూత ఊడితే ఇక ఒకవైపూ లేదు, రెండోవైపూ లేదు. విశాఖపట్నంలో ఇలాంటివి బాగుచేసేవాళ్ళకు కొంత ముక్క పంపి చూపించింది. వాళ్ళూ పెదవి విరిచారు. ముఖలింగం ఒక ముక్క తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. దానిలోంచి కిటికీ చువ్వలు కనిపించాయి.

"పాత టేపు కదమ్మా. ఎవరేం చేస్తారు" అన్నాడు. అప్పటికి అతను ఆ మాట కల్లాకపటం లేకుండానే అన్నాడు.

ఇంటికొచ్చాడు. మనసు బాగాలేనప్పుడు అతను పెట్టుకునే పాట ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో నుంచి వింటున్న సన్నాయి. ఏ మలుపులో వాయించేవాడు ఊపిరి తీసుకుంటాడో కూడా అతనికి తెలుసు. దాన్ని పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. సన్నాయి ఎత్తుకుంది. నాలుగు ఆవృత్తాలు తిరిగిందో లేదో, 'టప్' మంది.

ఆ సన్నాయిలో టప్పు ఎన్నడూ లేదు. ఇంకాసేపు విన్నాడు. మళ్ళీ 'టప్'. లేచి, కంప్యూటరులో అంకెను పాత చోటికి దించాడు. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. సన్నాయి కడదాకా తేటగా సాగింది. సంగతి చాలా చిన్నది. అన్ని లక్షల అంకెలు అప్పటికప్పుడు లెక్కగట్టి అందించడం ఆ పాత కంప్యూటరు వల్ల కాలేదు. అది వెనకబడ్డ ప్రతిసారీ పెట్టె రెప్పపాటు ఖాళీగా నిలబడింది. ఆ ఖాళీయే టప్పు.

భ్రమరాంబ ఇచ్చిన పెన్‌డ్రైవు ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని పెట్టి విన్నాడు. మూడు రాగాలూ కడిగిన ముత్యంలా ఉన్నాయి. రత్నమాంబ గారి చేతి గాజు వీణకు తగిలిన చప్పుడు కూడా వినిపించింది. ఎక్కడా చిన్న టప్పు లేదు. మూడో రాగం ముగిసింది. నాలుగో రాగంలోకి వెళ్ళబోతూ ఒక్క మీటు పడింది. అక్కడితో ఆ వైపు అయిపోయింది.

ముఖలింగం తల పట్టుకుని కూర్చుండిపోయాడు. తను నోరు విప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. టేపు పాతదే, పోయేదే అనుకుని ఊరుకుంటారు. అలా అనుకుని కాసేపు కూర్చున్నాడు కూడా. వంటింటి గుమ్మంలో నూకరత్నం ఉంది. ఆమెకూ అంతా వినిపించింది. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నాలుగు మాటలు అని ఉంటే బాగుండునని ముఖలింగానికి అనిపించింది.

లేచి భ్రమరాంబ ఇంటికి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీ పనిలో లోపం లేదమ్మా. టప్పులు మా ఇంట్లోవి. నేను అంకె పెంచినందువల్ల వచ్చినవి. నీ టేపును నేనే పోగొట్టాను" అన్నాడు.

భ్రమరాంబ నేల మీది రిబ్బను ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది. తరవాత, "రెండోవైపు ముందు ఎక్కించనా అని అడిగాను అన్నయ్య గారూ" అంది. ముఖలింగం ఆ రాత్రి అన్నం తినలేదు.

రత్నమాంబ వర్ధంతి నాడు శిష్యులు వీణలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ముఖలింగం వెనకవరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాగమాలిక మొదలైంది. ఒక రాగం, రెండో రాగం, మూడో రాగం. నాలుగో రాగానికి మొదటి మీటు మోగింది. అందరూ చేతులు తీగల మీద నుంచి తీసేశారు. కొత్తగా వచ్చినవాళ్ళు అయిపోయిందా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

శిష్యుల్లో పెద్దది ఉండబట్టలేక, "మిగిలిన మూడు రాగాలూ మీరే కట్టండి టీచర్. మీకేం తక్కువ? అమ్మగారి బాణీ మీ వేళ్ళలో ఉంది" అంది.

"కట్టగలనేమో. కానీ అది నాది అవుతుంది, అమ్మది కాదు. లేనిదాన్ని కల్పించి అమ్మ పాటలో నింపను. ఎంతుందో అంతే వాయిద్దాం" అంది భ్రమరాంబ.

ఆమె ఆ మాట ముఖలింగాన్ని ఉద్దేశించి అనలేదు. కానీ వెనకవరుసలో కూర్చున్న అతనికి చెంప మీద కొట్టినట్టే తగిలింది. తల వంచుకుని పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తరవాత ముఖలింగం మారాడు. పెట్టెను ఇప్పటికీ తుడుస్తాడు, కానీ పాటలో ఏ చిన్న తేడా వినిపించినా ముందు తను మార్చినదాన్ని వెనక్కి మార్చి, తెలిసిన పాట పెట్టి వింటాడు. స్టూడియోలో ఎవరైనా ఫొటో మసకగా ఉందంటే, మీరు కదిలారని అనడు. ముందు తన కెమెరా అద్దం తుడుచుకుంటాడు. ఏటా వర్ధంతికి వెళ్ళి అదే వెనకవరుసలో కూర్చుంటాడు. పాట ఏటా మూడో రాగం దాటి, ఒక్క మీటు దగ్గర ఆగిపోతుంది.

కాబట్టి ఎక్కడైనా తప్పు కనబడితే, మనకు ఎక్కువ ముద్దైనదాన్నీ మనం గొప్పగా చెప్పుకునేదాన్నీ అందరికంటే ముందు అనుమానించాలి. దాన్ని పక్కన పెట్టి ఎదుటివాళ్ళలో తప్పు వెతికితే, తప్పు మనదే అని తేలేసరికి పోయేది ఎదుటివాళ్ళ సొత్తు, అది మళ్ళీ మనం తెచ్చి ఇవ్వలేనిది.