నాంచారమ్మ చెయ్యి ఆగిన చోటు

అనగా అనగా, సముద్రానికీ ఊళ్లకీ మధ్య ఇసక దిబ్బలే కాపలా కాసిన కాలంలో, నక్కలమెరక అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో నాంచారమ్మ అని ఒక ముసలామె. ఆమెకు అడుగు నేల లేదు. కేళీలు తీసే కూలి ఆమెది.

కేళీ అంటే మరేం కాదు, వరిచేలో తనంతట తాను మొలిచే పరాయి వరి. గింజ నల్లగా ఉంటుంది, మీసాలుంటాయి. పండీ పండకముందే రాలిపోతుంది. చేలో కేళీ కనబడితే ఆ రైతుకి తలవంపులు. అందుకని కంకి తొంగిచూడకముందే నాంచారమ్మని పిలిచేవాళ్లు. ఆమె చెయ్యి కంటికన్నా ముందు వెళ్లేదట.

ఒక ఏడు సముద్రం దిబ్బలు దాటి వచ్చింది. మూడు రోజులు చేలలో పడుకుంది. వెళ్తూ వెళ్తూ ఉప్పు వదిలిపోయింది.

ఆ ఏడు నాట్లు వేశారు. ఆకుల కొసలు తెల్లగా మాడి, పైరు కూలిపోయింది. గాలి ఆగలేదు, ఉప్పు దిగలేదు. రెండో ఏడు నారుమడిలోనే నారు చచ్చిపోయింది. గాలి ఆగలేదు, ఉప్పు దిగలేదు.

మూడో ఏడు ఊరిపెద్ద పిచ్చయ్య గాదె అడుగు ఊడ్చి విత్తనం తీశాడు.

"ఇదీ పోతే బండ్లు కట్టుకుని పోదాం," అన్నాడు.

ఎక్కడికని పోతారు? నాంచారమ్మకైతే అన్నం సయించలేదు. భర్తనీ ఇద్దరు బిడ్డల్నీ ఆ మట్టిలోనే పెట్టింది. వాళ్లని ఉప్పులో వదిలేసి ఎలా కదులుతుంది?

మూడో పైరూ ఎర్రబారింది. అయినా ఆచారం ఆచారమే కదా, నాంచారమ్మ కేళీలు తియ్యడానికి దిగింది. పక్కింటి బుల్లెమ్మ గట్టుమీద నిలబడి నవ్వింది.

"ప్రాణం పోతున్నవాడికి పేలు చూస్తున్నావేంటి పిన్నీ!"

నాంచారమ్మ ఒక కేళీ పీకి గట్టుమీదికి విసిరింది. ఇంకోటి పీకి విసిరింది. గట్టుమీద గేదె రెండూ నమిలేసింది. మూడోదాన్ని పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. చుట్టూ పైరంతా ఎండుగడ్డి. చేతిలోది మాత్రం పచ్చగా ఉంది.

"అయ్యో, నా చేతులు పడిపోను! రెండిటిని చంపేశానే!"

ఏడుస్తూ పిచ్చయ్య దగ్గరికి పరిగెత్తింది.

"అయ్యా, చేలో ఒక్కటే మిగిలింది. ఉప్పు తాగి బతికింది. దాన్ని గింజ కట్టనివ్వండి."

"కేళీనా? తాతల నాటినుంచీ పీకుతున్నాం. పీకెయ్యవే."

"అన్ని తరాలు పీకినా మొలుస్తోందంటే, దాని అమ్మమ్మలెవరో ఎప్పుడో ఉప్పునీళ్లు తాగే ఉంటారయ్యా. ఆ ఓర్పు పిల్లల రక్తంలోకి దిగింది."

"మొక్కకి రక్తమేంటే పిచ్చిదానా!" అంటూనే పిచ్చయ్య ఖాళీ గాదె వైపు చూశాడు. "సరే. దాని గింజ మొలిస్తే ఉందాం. మొలవకపోతే బండ్లే."

ఇక చూడండి నాంచారమ్మ అవస్థ! పిట్ట వాలితే ఉలిక్కిపడేది. గేదె తల తిప్పితే లేచి నిలబడేది. గాలి విసిరితే కంకికి అడ్డంగా కూర్చునేది. కేళీ గింజ కదా, రాలిందంటే ఉప్పుమట్టిలో కలిసిపోతుంది. అందుకని కొంగు కంకి కిందికి చాపి, మొక్కకి ముడేసి, పొద్దల్లా దాని పక్కనే కూర్చునేది.

"కొంగుముడి వేశావా పిన్నీ? మరి పెళ్లిభోజనమేదీ?" అంది బుల్లెమ్మ.

"నవ్వవే, నవ్వు. పెడతాలే."

కొంగులోకి గుప్పెడు గింజలు రాలాయి. అవి చల్లితే సగం మొలిచి మాడిపోయాయి. సగం నిలబడ్డాయి. నిలబడ్డవాటి గింజే దాచింది. మళ్లీ చల్లింది. ఈసారి కొన్నే మాడాయి. నిలబడ్డ కంకుల్ని ఒక్కొక్కటే వేలితో తట్టి చూసింది. గింజ రాల్చనివాటినే ఏరింది. ఊరు ఏట్లో పీతలు పట్టుకుని, దుంపలు తవ్వుకుని రోజులు నెట్టుకొచ్చింది. ఆమె మాత్రం ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు.

మూడోసారి ఊరంతటికీ విత్తనం సరిపోయింది. గాలి ఆగలేదు, ఉప్పు దిగలేదు. అయినా ఆ చేలన్నీ నల్లటి కంకులతో వంగాయి.

కోత రేపనగా నాంచారమ్మ కన్నుమూసింది. ఆమెను భర్త పక్కనే, బిడ్డల పక్కనే పెట్టారు. బుల్లెమ్మ కొత్త బియ్యం వండి మొదటి ముద్ద అక్కడ పెట్టి, "తిను పిన్నీ," అని అక్కడే కూలబడిందట. బండ్లు ఎవరూ కట్టలేదు.

ఆ వైపు ఇప్పటికీ కేళీలు తీసేటప్పుడు చేనుకి ఒక్కటి వదులుతారు. దాన్ని నాంచారమ్మ మొక్క అంటారు. ఏది వదలాలో రైతు చెప్పకూడదు. కూలామె ఎంచుకునేదాకా అతను సముద్రం వైపు తిరిగి నిలబడాలి.

"ఉందా?" అని అడుగుతాడు.

"ఉంది," అంటుంది ఆమె.

అప్పుడుగానీ అతను చేనువైపు తిరగడు.