పన్నెండు పలుపుల ఇల్లు

ఒక రాజ్యంలో పాలు తగ్గాయి. ఆ సంగతి రాజుకి మధ్యాహ్నం భోజనం దగ్గర తెలిసింది. ఎప్పుడూ ముద్దలా గడ్డకట్టి వచ్చే పెరుగు ఆ రోజు విస్తట్లో వాగులా పారి, పప్పుని ముంచి, ఆవకాయ దాకా వెళ్ళింది.

రాజు చెడ్డవాడేం కాడు. పెరుగు దగ్గర మాత్రం కాస్త పట్టుదల ఉన్న మనిషి. చెయ్యి కడుక్కోకుండానే లెక్కాయన్ని పిలిపించాడు.

"మన రాజ్యంలో గేదెలెన్ని? అవి ఇచ్చే పాలెన్ని? ఊరూరా తిరిగి రాసుకురా."

లెక్కాయన నిజాయితీపరుడు. ఒక్క అంకె అటూ ఇటూ కానివ్వడు. కాకపోతే ఆయన నిద్ర లేచి, స్నానం చేసి, జపం ముగించి, టిఫిను తిని బయల్దేరితే ఏ ఊరికి చేరినా మిట్టమధ్యాహ్నమయ్యేది. ఆ వేళకి గేదెలన్నీ మేతకి పోయి ఉంటాయి.

ఇంట్లో లేని గేదెల్ని లెక్కపెట్టడమెలా? ఆయన దానికీ ఒక దారి కనిపెట్టాడు. గేదె మేతకి పోయినా, దాన్ని కట్టేసే పలుపుతాడు ఇంటి దగ్గరే ఉంటుంది, కొట్టంలో మేకుకి వేలాడుతూ. ఒక పలుపుకి ఒక గేదె. పైగా గేదెలు కదులుతాయి, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి, తోక విసిరి పుస్తకం పాడుచేస్తాయి. పలుపులు అలాంటివేం చెయ్యవు. లెక్కాయన నీడపట్టున నిలబడి పలుపులు లెక్కపెట్టుకునేవాడు, ఇంటివాళ్ళని పాలెన్ని శేర్లని అడిగి రాసుకునేవాడు, మజ్జిగ ఇస్తే తాగి ఇంకో ఇంటికి వెళ్ళేవాడు.

అయితే ఆయనకి తెలియనిది ఒకటుంది. ఆ రాజ్యంలో గేదెని అమ్మినవాళ్ళు గేదెనే ఇస్తారు, పలుపు ఇవ్వరు. పలుపు ఇస్తే దాంతోపాటు ఇంట్లో పాడి వెళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం. కొన్నవాడు తన పలుపు తాను తెచ్చుకోవాలి. అమ్మినవాడు పాత పలుపుని కళ్ళకద్దుకుని మళ్ళీ మేకుకే తగిలించుకుంటాడు. ఆ లెక్కన ఒక గేదె మూడుసార్లు అమ్ముడుపోతే నాలుగిళ్ళలో నాలుగు పలుపులుంటాయి. గేదె మాత్రం ఒకటే.

కష్టకాలంలో జనం గేదెల్ని అమ్ముకుంటారు. వాళ్ళు ఎంత అమ్ముకుంటే లెక్కాయన పుస్తకంలో మంద అంత పెరుగుతుంది. ఇది తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, దిగులూ వేస్తుంది. ఆ రాజ్యంలో మాత్రం నవ్వేవాళ్ళు లేరు, ఎందుకంటే ఎవరి మేకులు వాళ్ళకే కనబడతాయి.

ఆరు నెలల తరవాత లెక్కాయన కోటకి వచ్చి పదేళ్ళ నాటి పాత పుస్తకాన్ని తన పుస్తకం పక్కన పెట్టాడు.

"గేదెలు రెట్టింపయ్యాయి ప్రభూ. పాలు సగమయ్యాయి."

"అంటే?"

"అంటే, గేదెలు బద్ధకించాయి."

రాజు మనసు నొచ్చుకుంది. తన రాజ్యంలో బద్ధకమన్నది ఉంటే మంత్రుల్లో ఉండాలి గాని గేదెల్లోనా? వెంటనే ఆజ్ఞ రాయించాడు. ఏ ఇంట్లో గేదెలు తలకి అరశేరు పాలు కూడా ఇవ్వవో, ఆ ఇంటి గేదెలన్నిటినీ కోట కొట్టానికి తోలుకురావాలి. అందరికంటే బద్ధకపు మందతోనే మొదలుపెట్టాలి.

అందరికంటే బద్ధకపు మంద కొండ కిందున్న పాలవ్వ ఇంట్లో ఉందని పుస్తకం చెప్పింది. పలుపులు పన్నెండు, పాలు నాలుగు శేర్లు. తలకి శేరులో మూడో వంతు.

పాలవ్వకి నిజంగానే ఒకప్పుడు పన్నెండు గేదెలుండేవి. ఇంటి వెనకే కొండ, కొండ నిండా మోకాల్లోతు గడ్డి. ఏడేళ్ళ కిందట రాజు వేటకని ఆ కొండ చుట్టూ కంచె వేయించాడు. ఆ తరవాత ఆయన వేటకి వెళ్ళింది ఒక్కసారి. అదీ తుమ్ములు పట్టుకుని సగం దారిలో తిరిగొచ్చాడు. కంచె మాత్రం ఉండిపోయింది.

మేత లేక పాలవ్వ ఒక్కో గేదెనే అమ్ముకుంటూ వచ్చింది. చుట్టుపక్కల ఎవరి దగ్గరా మేపడానికి గడ్డి లేదు గనక వాటిని కోటవాళ్ళే కొనుక్కున్నారు. చివరికి బొల్లి ఒక్కతే మిగిలింది. పగలు గట్ల మీద మేత, సాయంత్రం కోసుకొచ్చే ఒక మోపు గడ్డి బొల్లికి సరిపోతాయి. బొల్లి పొద్దున రెండు శేర్లు, సాయంత్రం రెండు శేర్లు ఇస్తుంది. పాలవ్వకి మాట్లాడటానికి ఇంట్లో మరో ప్రాణి లేదు. బొల్లి లేకపోతే తెల్లవారి లేచి ఏం చెయ్యాలో కూడా ఆవిడకి తెలియదు.

లెక్కాయన ఇద్దరు భటుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. రాజాజ్ఞ గనక ఆ రోజు జపం తగ్గించి పెందలాడే వచ్చాడు.

"పన్నెండు గేదెల్నీ విప్పు అవ్వా. కోటకి తోలుకుపోవాలి."

"పన్నెండెక్కడివి నాయనా? ఉన్నది ఇదొక్కతే."

"పుస్తకంలో పన్నెండున్నాయి."

"అయితే పుస్తకాన్నే తోలుకుపో. మేత ఖర్చు కూడా ఉండదు."

భటులు మీసాల చాటున నవ్వుకున్నారు. లెక్కాయనకి కోపం వచ్చింది.

"దాచిపెట్టావా?"

"కొంగున ముడేసుకోడానికి గేదేమైనా తమలపాకా? ఆ పదకొండింటినీ మీ కోటవాళ్ళే కొనుక్కుపోయారు. పలుపులు నా దగ్గరున్నాయి, అంతే. గేదెని అమ్ముకుంటాం గాని పలుపు అమ్ముకుంటామా?"

లెక్కాయనకి విషయం అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఏం లాభం? పుస్తకం మీద అప్పటికే రాజముద్ర పడింది.

"అదంతా నాకు తెలియదు. పన్నెండూ కోట కొట్టంలో కనబడాలి. ఆజ్ఞ అది."

"కనబడాలి, అంతేగా? పద, చూపిస్తాను" అంది పాలవ్వ. మేకుల మీది పదకొండు పలుపులూ తీసి భుజాన వేసుకుంది. బొల్లి పలుపు చేత పట్టుకుని నడిచింది.

కోట కొట్టం పెద్దది. ఎనభై గేదెలు, ఎనభై ఇనప గొలుసులు. మెడలో పేర్లకి బదులు ఇత్తడి బిళ్ళలు. రాతి తొట్లలో ఎండుగడ్డి. రాజ్యంలోకెల్లా బద్ధకపు మంద వచ్చిందని విని రాజు కూడా చూడటానికి వచ్చాడు. బొల్లిని చూసి, దాని వెనక ఇంకేమైనా ఉన్నాయేమోనని మెడ చాచాడు. ఏమీ లేవు.

పాలవ్వ కొట్టం గుమ్మంలో నిలబడి గొంతెత్తింది.

"ముత్యాలూ! వంకరకొమ్మూ! మా తల్లి సింగారీ! ఎక్కడున్నారే?"

ఎనభై తలల్లో మూడు తలలు లేచాయి. ఆవిడ పిలుస్తూ పోయింది. ఒక్కో పేరుకి ఒక్కో గొలుసు గలగలమంది. పదకొండు గేదెలూ ఇటు తిరిగి అరిచాయి. వాటి పొదుగుల్లోంచి పాలు వాటంతటవే నేల మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

"ఇవి ఇలా పాలు చేపడం నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు కొట్టం కాపరి. "చెయ్యి వేస్తే చాలు, పాలు బిగబట్టుకుంటాయి."

పాలవ్వ ఒక్కోదాని మెడా నిమిరింది. వాటిని అమ్మిన రోజుల్లో ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే అమ్మలేకపోయేది గనక. ఇప్పుడు మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని బాగా ఏడ్చింది.

రాజు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"పలుపులు అవ్వ ఇంట్లో, గేదెలు నా ఇంట్లో. ఏమయ్యా, వీటిని నా లెక్కలో కూడా రాశావా?"

"రాశాను ప్రభూ. కోటలో గొలుసులు లెక్కపెట్టాను" అన్నాడు లెక్కాయన. తరవాత ఆయనకి ధైర్యం వచ్చింది. "ఏమైతేనేం, పన్నెండు రావాలని ఆజ్ఞ. పదకొండు ముందే వచ్చేశాయి. ఇక మిగిలింది ఈ ఒక్కటే."

అని బొల్లి పలుపు మీద చెయ్యి వేశాడు.

పదకొండింటినీ చూపిస్తే గొడవ తీరిపోతుందని పాలవ్వ అనుకుంది గాని, చూపించి చూపించి తన బొల్లినే ఒంటరిని చేశానని అప్పుడు తెలిసింది. పలుపు రెండో కొస గట్టిగా పట్టుకుంది. ఒక కొస ఆవిడ చేతిలో, ఒక కొస ఆయన చేతిలో. మధ్యలో బొల్లి నెమరు వేస్తోంది.

"ఆగు నాయనా" అంది పాలవ్వ. "ఆ పదకొండూ కోట లెక్కలో రాశానని నువ్వే అన్నావు. అయితే నా పన్నెండులోంచి కొట్టెయ్. ఎన్ని మిగిలాయి?"

"ఒకటి."

"పాలెన్ని రాశావు?"

"నాలుగు శేర్లు."

"భాగించు."

లెక్కాయన నిజాయితీపరుడని ముందే చెప్పాను. అడిగాక భాగించకుండా ఉండలేడు.

"తలకి నాలుగు శేర్లు."

"రాజ్యంలో ఇంకో ఇంట్లో ఉందా అంత?"

ఆయన పుస్తకం మొదట్నించి చివరిదాకా తిప్పాడు. లేదు. బొల్లి పలుపు మీంచి ఆయన చెయ్యి మెల్లిగా జారిపోయింది.

రాజుకి ఇది సరదాగా అనిపించింది. "మరి మన కొట్టం సంగతేమిటి?" అన్నాడు.

లెక్కాయన కలం మొనని శ్రద్ధగా చూసుకున్నాడు. "ఎనభై గేదెలు, ముప్పై శేర్లు ప్రభూ."

"భాగించు."

"తప్పదా ప్రభూ?"

"తప్పదు."

"అరశేరుకి తక్కువ."

ఒక గేదె పేడ వేసింది. అంత నిశ్శబ్దంలో ఆ చప్పుడు అందరికీ బాగా వినబడింది. ముందు రాజు నవ్వాడు. ఆయన నవ్వాడు గనక భటులు నవ్వారు. కాపరి మాత్రం ఎప్పుడో మొదలుపెట్టేశాడు.

"నా ఆజ్ఞ ప్రకారం ముందు నా గేదెల్నే తోలుకుపోవాలి" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "అవ్వా, నీ చేతిలో ఏదో మహత్యం ఉంది. ఈ ఎనభైనీ నీ ఇంటికి తోలిస్తాను, ఉంచుకో."

పాలవ్వ ఎగిరి గంతేస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వద్దు దొరా. నా ఇంటికొస్తే వారానికి ఎముకలు తేలతాయి. నా చేతిలో ఏ మహత్యమూ లేదు. నేను పితికేది గేదెని కాదు, గడ్డిని. పన్నెండింటికి గడ్డి ఉన్నన్నాళ్ళూ పన్నెండూ ఇచ్చాయి. ఒక్కదానికే మిగిలింది, ఒక్కతే ఇస్తోంది. ఆ కొండ మీద ఇప్పటికీ మోకాల్లోతు ఉంది, తినేవాళ్ళు లేక వృథా అవుతోంది."

రాజు కొట్టం కిటికీలోంచి చూశాడు. కంచె వెనక కొండ పచ్చగా ఉంది. తుమ్ములు గుర్తొచ్చి కాబోలు, ఆయన ముక్కు రుద్దుకున్నాడు.

"ఆ గడ్డి నీ పుస్తకంలో ఎక్కడుందయ్యా?"

"ఎక్కడా లేదు ప్రభూ. మీరు గేదెలూ పాలూ రాయమన్నారు. అవే రాశాను."

అది నిజమే. రాజు ఆజ్ఞ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. మర్నాడే కంచె పీకించాడు. కోట గేదెలూ, ఊళ్ళ గేదెలూ కలిసి కొండెక్కాయి. ముత్యాలూ, వంకరకొమ్మూ, సింగారీ రోజూ సాయంత్రం దిగి వస్తూ పాలవ్వ గుమ్మం దగ్గర ఆగేవి. ఎవరి గేదెలని ఎవరూ అడగలేదు. ఊళ్ళలో చల్లకవ్వాల చప్పుడు మళ్ళీ వినబడింది. రాజుగారి విస్తట్లో పెరుగు కదలకుండా కూర్చుంది.

లెక్కాయనకి మాత్రం కొత్త పని పడింది. "ఈసారి గడ్డి లెక్క రాసుకురా" అన్నాడు రాజు.

ఆయన కొండ మీద ఒక మూల గొంతుక్కూర్చుని మొదలుపెట్టాడు. పొద్దెక్కేసరికి నాలుగు వేల మూడు వందల పన్నెండు పోచలయ్యాయి. అంతలో బొల్లి తాపీగా వచ్చి, ఆయన లెక్కపెట్టిన వైపు నుంచే మేయడం మొదలుపెట్టింది.

ఆయన కొట్టెయ్యడానికి కలం ఎత్తాడు. మేసిన గడ్డి పోయిందని రాయాలా? పోలేదు, సాయంత్రానికి పాలవుతుంది. పాల వరసలో రాయాలా? ఇంకా కాలేదు. పోనీ మొదలంటా పోయిందందామా అంటే, కొరికిన చోటే వారంలో మళ్ళీ చిగురేస్తుంది. ఆయన చాలాసేపు అలా కలం పట్టుకుని కూర్చున్నాడు. బొల్లి ఆయన ఒళ్ళో పుస్తకాన్ని పక్కకి నెట్టి, దాని కింద నలుగుతున్న గడ్డి కోసం మూతి పెట్టింది.

లెక్కాయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. చేతికందినంత మేర గుప్పెళ్ళతో గడ్డి పీకి బొల్లికి తినిపించాడు. ఎన్ని గుప్పెళ్ళో ఆయనే చూసుకోలేదు.

ఆ సాయంత్రం బొల్లి రెండున్నర శేర్లిచ్చింది. పాలవ్వ ఆశ్చర్యపోయి ఇంటింటికీ చెప్పింది. ఆ అరశేరు ఎక్కడిదో ఒక్క లెక్కాయనకే తెలుసు. ఆయన దాన్ని ఎక్కడా రాయలేదు.