రాజమాత బండికి పోత పిస్టన్లు

అనగనగా, రాజులు ఏనుగులు దిగి మోటారు కార్లెక్కిన కాలంలో, మందారగిరి అనే చిన్న సంస్థానం ఉండేది. దాన్ని తిమ్మభూపాలుడు ఏలేవాడు. కోటలోని మోటారు షెడ్డును హుస్సేనప్ప అనే ముసలి మేస్త్రీ చూసుకునేవాడు.

ఆ షెడ్డులో బూడిద రంగు పాత కారు ఒకటి ఉండేది. రాజమాత చెన్నమాంబ పెళ్లికూతురుగా కోటకు వచ్చింది అందులోనే. భర్త పోయాక, ఏటా ఆయన తిథినాడు పొద్దున్నే వెలిగించిన దీపాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ కారులోనే కొండెక్కి, ఆయన సమాధి దగ్గర పెట్టి వచ్చేది. దారిలో దీపం ఆరకూడదు. ఆరితే ఆ ఏటికి వెనక్కి తిరగవలసిందే. అది ఆ వంశపు ఆచారం.

ఆ ఏడు రాజమాతకు చూపు పూర్తిగా పోయింది. అది చాలదన్నట్టు, తిథి నెల రోజులుందనగా కారు ఇంజన్లో పిస్టన్ పగిలింది.

"నాకిక చూసేదేమీ లేదు నాయనా. ఆ బండి చప్పుడు వింటూ ఈ ఒక్కసారి కొండెక్కి వస్తే చాలు" అంది ఆమె కొడుకుతో.

రాజుకు తల్లంటే ప్రాణం. గొప్ప వస్తువులంటే అంతకన్నా కాస్త ఎక్కువే. పరుగు పందాల కార్లకు వాడే ఫోర్జింగ్ పిస్టన్లు తెప్పించాడు. లోహాన్ని కాల్చి, బ్రహ్మాండమైన సమ్మెట కింద అదిమి చేసినవి అవి. కరిగించి అచ్చులో పోసిన పోత పిస్టన్లకన్నా ఎన్నో రెట్లు గట్టివి.

"దొరా, ఈ బండికి మొదటినుంచీ పోతవే..." అని హుస్సేనప్ప నసిగాడు.

"అచ్చులో పోసినవి మా అమ్మ బండికా? వాటితో చెంబులు చేసుకో" అన్నాడు రాజు. హుస్సేనప్ప గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మనసు మాత్రం చివుక్కుమంది.

పట్నం నుంచి సుందరయ్య అనే మేస్త్రీ వచ్చాడు. మందారగిరి కోటలో రాయికీ రాయికీ మధ్య వెంట్రుక దూరదని రాజుకు మహా గర్వం. ఆ సంగతి విన్న సుందరయ్య పిస్టన్లను కూడా అలాగే బిగించాడు. రాజు స్వయంగా మీసంలోంచి ఒక వెంట్రుక పీకి, పిస్టన్ పక్కన దూర్చి చూశాడు. దూరలేదు. సుందరయ్యకు శాలువా కప్పాడు. కారు కొండ రెండో మలుపు దాకా ఎక్కింది. అక్కడ ఇంజన్ వేడెక్కి, పిస్టన్లు ఉబ్బి ఇరుక్కుని, పట్టేసింది. ఎద్దులు కట్టి కిందికి లాక్కొచ్చారు.

రేవు నుంచి పేతురు అనే మేస్త్రీ వచ్చాడు. వీడు పనిమంతుడు. ఫోర్జింగ్‌వి వేడికి ఎక్కువ ఉబ్బుతాయని ఎరిగినవాడు. పిస్టన్లు ఆడే గొట్టాలను, అంటే సిలిండర్లను, బోరు కొట్టించి వెడల్పు చేసి, వెంట్రుక దూరేంత సందు వదిలి, కొత్తవి బిగించాడు. రాజు నడిపి చూస్తే కారు గుర్రంలా కొండెక్కింది. మర్నాడు పొద్దున్నే, చల్లటి ఇంజన్ తిప్పి, రాజమాతను కూర్చోబెట్టారు. ఆ సందులో పిస్టన్లు కొట్టుకుని లోపల టకటకమని ఒకటే చప్పుడు.

"ఇది ఎవరి బండి?" అంది ఆమె.

"మీదేనమ్మా! వేడెక్కితే పిస్టన్లు ఉబ్బి సర్దుకుంటుంది" అన్నాడు పేతురు. అన్నది నిజమే.

"కళ్లు లేనిదానికి చప్పుడే బండి. ఇది మా ఆయన బండి కాదు" అని ఆమె దిగిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

తిథికి ఇక నాలుగు రోజులే ఉన్నాయి. రాజు హుస్సేనప్పను పిలిపించాడు. "ఈసారీ కుదరకపోతే బండిని గుమ్మం పక్కన బొమ్మలా నిలబెట్టేస్తాను. అమ్మ ఇక కొండ ఎక్కదు" అన్నాడు.

హుస్సేనప్ప పనిముట్లు తీయలేదు. తిన్నగా రాజమాత దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"తల్లీ, కొండమీదికి ఎంత వేగంగా పోతారు?"

"దీపం వణకనంత."

"బండిలో బరువెంత?"

"నేనూ, నడిపేవాడూ, దీపమూ."

"ఏడాదికి ఎన్నిసార్లు?"

"ఒక్కసారి. ఏం హుస్సేనప్పా, నీకు తెలియదా?"

"తెలుసు తల్లీ. ఇంతవరకూ ఎవరూ అడగలేదని అడిగాను" అన్నాడు.

పాత రాజుగారి కాలంలో కొన్న పోత పిస్టన్ల పెట్టె ఒకటి షెడ్డు అటక మీద ఉంది. అవి కాస్త లావు సైజువి. సిలిండర్లను వాటికి తగ్గట్టు బోరు కొట్టించి బిగించాడు. రాజు మళ్లీ మీసం వెంట్రుక పీకాడు. దూరలేదు. రాజు ముఖం మాడిపోయింది.

"మళ్లీ పట్టేస్తుందిరా!"

"పోతవి తక్కువ ఉబ్బుతాయి దొరా. వీటికి ఈ సందు చాలు."

తిథినాడు పొద్దున ఇంజన్ తిప్పగానే గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడైంది, అంతే. రాజమాత తల వంచి చాలాసేపు వింది. తర్వాత దీపం అడిగి ఒళ్లో పెట్టుకుంది. రెండో మలుపు దగ్గర, పక్కన నడుస్తున్న హుస్సేనప్ప వంగి ఇంజన్ వైపు చెవి పెట్టాడు. బండి మెల్లగా మలుపు తిరిగి పైకి పోయింది. దీపం వెలుగుతూనే సమాధి చేరింది. చూపు లేని ఆ కళ్లలోంచి నీళ్లు కారాయి.

రాజు సంబరం పట్టలేక, "దీన్ని పందెంలో దింపుతాను!" అన్నాడు.

"వద్దు దొరా, ఆ వేగానికి ఇవి పగులుతాయి. మీ పందెం కారుకు ఆ ఫోర్జింగ్ రకమే తెప్పించండి, సందు వదిలి నేనే బిగిస్తాను. గట్టివి అవే."

"మరి అమ్మ బండికి ఇవెందుకు వేశావు?"

"అమ్మగారు పందేనికి పోరు కదా దొరా" అన్నాడు హుస్సేనప్ప.

రాజు ఆ రోజునుంచి కొత్త వస్తువు ఏది కొన్నా ముందు హుస్సేనప్పను అడిగేవాడు.

కాబట్టి పిల్లలూ, ఏది గొప్పదని అడిగే ముందు, ఏ పనికని అడగాలి.