మేడ మీది తాళం

దగ్గరికి జరుగు చిట్టీ, దుప్పటి కప్పుకో. ఇది కొంచెం భయం కథ. భయమేస్తే నా చెయ్యి పట్టుకో.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో తాయారమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక డాబా ఇల్లు ఉంది. ముందు గదిలో తనుండేది. మిగతా మూడు వాటాలూ అద్దెకిచ్చింది. ఒక వాటాలో బస్సు నడిపే సామ్యేలు, అతని భార్య సువార్త, వాళ్ళ చంటిపాప. ఇంకో వాటాలో నరసింగం తాత. పాపం, మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకుని నడిచేవాడు. మూడో వాటాలో ఆసుపత్రి నర్సు పైడితల్లి.

తాయారమ్మ మంచిదే. కానీ మేడ మీదికి మాత్రం ఎవరినీ పోనిచ్చేది కాదు. అక్కడ ఆవిడ వడియాలు పెట్టుకునేది. వాటిని ఎవరు తొక్కుతారోనని మెట్ల పైన తలుపుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగేది.

ఒకరోజు ఆవిడ సంతకి వెళ్ళింది. అప్పుడు పెద్ద వాన పట్టింది. ఏరు పొంగి వీధిలోకొచ్చింది. తర్వాత వాకిట్లోకి, ఆ తర్వాత గదుల్లోకి వచ్చేసింది. అందరూ హడలిపోయి మెట్లెక్కారు. పైనేమో తాళం! కిందేమో నీళ్ళు!

"అమ్మగారూ, తాళం తియ్యండీ!" అని సువార్త పాపని గుండెకి అదుముకుని అరిచింది. ఎవరు వింటారు? అమ్మగారు ఊళ్ళోనే లేరాయె.

ఏదో వాళ్ళ అదృష్టం బాగుండి, నీళ్ళు సగం మెట్ల దాకా వచ్చి ఆగాయి. తర్వాత మెల్లగా తగ్గాయి. తాయారమ్మ వచ్చేసరికి అందరూ బురద కాళ్ళతో ఆ మెట్ల మీదే ఉన్నారు. సువార్త పాపని భుజానేసుకుని లేచింది. తాళం వంక చూసి, తలొంచుకుని కిందికి దిగిపోయింది.

అప్పుడు పట్టుకుంది చిట్టీ, తాయారమ్మకి భయం. అన్నం సయించలేదు. 'నన్ను నమ్మి నా ఇంట్లో ఉన్నారే! పసిదానికి ఏమన్నా అయ్యుంటే?' మబ్బు పడితే చాలు, ఆవిడ పరుగున వెళ్ళి ఏరు చూసొచ్చేది.

భయపడి ఊరుకుందా మరి? లేదు. తాళం తీసి అవతల పారేసింది. మేడ మీద రేకుల గది వేయించి, తాగేనీళ్ళ డ్రమ్ము, అటుకులు, బెల్లం, టార్చిలైటు, మోకు, గునపం, అన్నీ అందులో చేర్పించింది.

ఆ తర్వాత అందరినీ పిలిచింది. "ఏరు పొంగిందంటే నేను కరెంటు మెయిన్ ఆపేస్తా. నీళ్ళలో కరెంటు పారితే ఒక్కరం మిగలం. సామ్యేలూ, తాతని నువ్వు మొయ్యి. పైడీ, గ్యాసులు కట్టేసి మందుల సంచీ పట్టుకో. సువార్తా, నువ్వు పాపని తప్ప ఇంకేం ముట్టుకోకు."

ఒకసారి అలా ఎక్కించి చూసింది కూడా. "ఈ వయసులో నాకీ ఉప్పుమూట ఆటేంటమ్మా!" అని సామ్యేలు వీపు మీద నరసింగం తాత ఒకటే నవ్వు.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒకనాడు పట్టపగలే మబ్బు కమ్మేసింది. అప్పుడు ఎక్కడో దూరాన గుర్రుమని చప్పుడు. "గట్టు తెగిందర్రా!" అని వీధిలో కేకలు.

ఎవరూ నవ్వలేదు ఈసారి. సామ్యేలు తాతని ఎత్తుకున్నాడు. పైడితల్లి గ్యాసులు కట్టేసింది. సువార్త పాపతో పరుగెత్తింది. వెనక్కి చూస్తే వాకిలి లేదు, ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి.

మేడెక్కాక సువార్త అటూ ఇటూ చూసింది. "అమ్మగారేరీ?"

అందరికీ అందరినీ అప్పజెప్పింది కదా తాయారమ్మ! తనని ఎవరు చూడాలో చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఆవిడ తన గదిలో మెయిన్ ఆపేసింది. తిరిగి చూసేసరికి పెద్ద చెక్కమంచం నీళ్ళ మీద తేలివచ్చి తలుపుని మూసేసి అడ్డంగా బిగుసుకుపోయింది. లాగితే రాదు. కిటికీకి ఊచలు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. తర్వాత గుండె దాకా వచ్చాయి.

కిందనించి ఆవిడ కేక వినగానే సామ్యేలు మోకు నడుముకి కట్టుకున్నాడు. రెండో కొస పైడితల్లీ సువార్తా పట్టుకున్నారు. గునపం తీసుకుని అతను నీళ్ళలోకి దిగాడు.

"నువ్వెళ్ళిపో నాయనా! పసిదాని తండ్రివి!" అని లోపల్నించి తాయారమ్మ ఏడ్చింది.

"మీరు పక్కకి జరగండమ్మగారూ!" అని అతను తలుపు మీద పోటు మీద పోటు వేశాడు. పై చెక్క విరిగింది. ఆ కంతలోంచి ఆవిడ్ని చంకల కింద పట్టి లాగాడు. పైనున్నవాళ్ళు అరచేతులు ఒరుసుకుపోతున్నా మోకు వదల్లేదు.

మేడ మీద చేరాక కూడా తాయారమ్మకి వణుకు తగ్గలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కింద ఏరు ఇంకా హోరుమంటోంది.

సువార్త మెల్లగా వచ్చి, పాపని ఆవిడ ఒళ్ళో పెట్టింది. "కాస్త పట్టుకోండమ్మగారూ, కొంగు పిండుకుంటాను" అంది.

పాప ఆవిడ వేలు పట్టుకుని ఆవులించి నిద్రపోయింది. దాన్ని లేపకూడదని తాయారమ్మ ఒళ్ళు బిగబట్టుకు కూర్చుంది. అలా కూర్చోగా కూర్చోగా చేతుల వణుకు ఆగింది. పడవవాళ్ళు వచ్చి పిలిచేదాకా ఆవిడ పాపని దించనే లేదు.

కథేమో కంచి దారి పట్టింది,
ఏరేమో గట్టు లోపలికి పోయింది,
భయమేమో దుప్పటి కింద దాక్కుంది,
మా చిట్టేమో అమ్మమ్మ పక్కలో చేరింది.