ఒక చేతికే గాజులు వేసిన పైడమ్మ

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. ఇది చెప్పుకునే చోటికి చాలా దూరంలో పెరుగుతున్నారు మీరు. అందుకే నేనే చెబుతాను, వినండి.

వెనకటికి, ఏరు ఏడాదంతా పారే కాలంలో, ఏటి ఒడ్డున ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో అచ్చియ్యమ్మ అనే కోడలు ఉండేది. ఉన్నట్టుండి ఆమెకు ఏదో అయింది. కుండెడు అన్నం తినేది, అయినా చిక్కిపోయేది. చలికాలంలోనూ చెమటలు పట్టేవి. కళ్లు ముందుకు పొడుచుకొచ్చాయి. చేతులు వణికి, వేసుకున్న గాజులన్నీ పగిలిపోయాయి.

అత్త కోటమ్మ నెయ్యి పోసి పెట్టింది. అచ్చియ్యమ్మ తింది, చిక్కింది. పొరుగింటివాళ్లు ఎండుచేపల పులుసు పంపారు. తింది, చిక్కింది. ఎవరో మిరియాల కషాయం తాగించారు. తాగింది, ఇంకా చిక్కింది.

"తినేది ఇది కాదు, దీని లోపలున్నది!" అంది కోటమ్మ.

భూతవైద్యుణ్ణి పిలిచారు. అమావాస్యకు మిరపకాయల పొగ వేసి, వేపమండలతో కొట్టి దెయ్యాన్ని దింపుతానన్నాడు. ఆ ఒంటికి ఒక్క దెబ్బ పడినా ప్రాణం నిలవదు. అది అచ్చియ్యమ్మకు తెలుసు. కానీ ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ అమావాస్య పూజకు బోసి చేతులతో కూర్చోకూడదని గాజుల పైడమ్మను పిలిపించారు. పైడమ్మ ముసలిది. భుజాన గాజుల మలారం వేసుకుని ఊరూరా తిరిగి గాజులు అమ్ముకునేది. అచ్చియ్యమ్మ పెళ్లి గాజులు వేసింది కూడా ఆమే.

అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలుతోంది. గాజు ఎక్కించింది. అది జారి మోచేతి దాకా పోయింది. మణికట్టు మీద బొటనవేలు పెట్టింది. నరం తరిమిన లేడిలా పరిగెడుతోంది.

"ఇది దెయ్యం కాదమ్మా కోటమ్మా, జబ్బు. ఏరు దాటించి వైద్యుడికి చూపించు."

"గాజులమ్ముకునేదానివి, నాడి కూడా చూస్తావేటే?"

"నాడి నాకేం తెలుసమ్మా! నాకు చేతులు తెలుసు. ఈ చెయ్యి నేనెరిగిన చెయ్యి కాదు."

ఎంత చెప్పినా కోటమ్మ వినలేదు. పైడమ్మ కుడి చేతికి గాజులు వేసింది. వేసి, మలారం మూట కట్టేసింది.

"ఏటే, రెండో చెయ్యో?"

"ఈ కొలతవి అయిపోయాయమ్మా. ఏటి అవతల పట్నంలో దొరుకుతాయి. పిల్లను పంపు, అక్కడే వేయించి తెస్తాను."

ఒక చేతికే గాజులున్న కోడలిని ఏ పూజకూ కూర్చోబెట్టరు ఆ పల్లెలో. కూర్చోబెడితే కొడుక్కి కీడు. కోటమ్మ తిట్టుకుంటూనే కోడలిని పైడమ్మతో పడవ ఎక్కించింది.

పట్నంలో పైడమ్మ గాజుల అంగడికి పోలేదు. నేరుగా వైద్యుడి ఇంటికి పోయింది. ఆయన అచ్చియ్యమ్మ గొంతు తడిమి చూశాడు.

"ఇక్కడొక గ్రంథి ఉంది తల్లీ. అది ఆగకుండా మంట ఎగదోస్తోంది. నువ్వు తిన్నదంతా ఆ మంటకే పోతోంది."

మందు ఇచ్చాడు. ఎండుచేపలు వద్దన్నాడు, కషాయాలు వద్దన్నాడు. మజ్జిగ, రాగి జావ, బూడిదగుమ్మడి కూర పెట్టమన్నాడు.

"ఆ తిండితోనే తగ్గిపోదా అయ్యా?" అనడిగింది పైడమ్మ.

"తిండి ఒంటికి ఊరట. మంట తగ్గించేది మందే. కాస్త బాగుందని మందు మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది."

పైడమ్మ ఎడమ చేతికి గాజులు వేసి, ఇంటికి తెచ్చి, ఆయన మాటలన్నీ కోటమ్మకు అప్పజెప్పింది. మళ్లీ మొదటికొస్తుందని భయపడ్డ కోటమ్మ మందు తప్పనివ్వలేదు. పైడమ్మ మళ్లీ వచ్చింది. గాజు ఇంకా జారుతోంది. మరోసారి వచ్చింది. జారడం తగ్గింది. మూడోసారి కొత్త గాజు ఎక్కించబోతే అరచెయ్యి దగ్గరే ఆగిపోయింది. పైడమ్మ నొక్కి ఎక్కించింది.

"అబ్బా! నొప్పే అత్తా!" అని అరిచింది అచ్చియ్యమ్మ.

ఆ అరుపుకు కోటమ్మ నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది.

పైడమ్మ పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డు పల్లెల్లో గాజులు వేసేవాళ్లు ముందు మణికట్టు మీద బొటనవేలు పెట్టి చూస్తారు. "ఈ చెయ్యి నీదేనా తల్లీ?" అని అడుగుతారు. అనుమానమొస్తే ఒక చేతికే వేసి లేచిపోతారు. రెండో చేతికి వైద్యుణ్ణి చూసొచ్చాకే.

పిల్లలూ, ఈ కథ మీ పిల్లలకీ చెప్పండి. కానీ తొందరలో మజ్జిగ, బూడిదగుమ్మడి చెప్పేసి వైద్యుణ్ణి వదిలేయకండి. పైడమ్మ పడవలో తీసుకెళ్లింది ఆయన దగ్గరికే.